బరువు బ్యాట్ కొనమని చెప్పే ముందు: క్రికెట్ కోచ్‌లకు ఒక సైన్సు మాస్టారి బహిరంగ లేఖ

మన ఊళ్లలో, పట్టణాల్లో పిల్లలకు క్రికెట్ నేర్పుతున్న కోచ్‌లందరికీ నమస్కారం.

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఫిజికల్ సైన్స్ చెప్పే మాస్టారిని. ఇరవై రెండేళ్లుగా న్యూటన్ నియమాలు బోర్డు మీద రాస్తున్నాను. క్రికెట్ ఆడింది తక్కువ, చూసింది ఎక్కువ. అందుకని కాలు ఎక్కడ వేయాలో, ఆఫ్ స్టంప్ బయటి బంతిని ఎప్పుడు వదిలేయాలో మీకు చెప్పే సాహసం చేయను. అది మీ విద్య. కానీ బ్యాట్ బంతిని తాకే ఆ ఒక్క క్షణం మాత్రం మీదీ నాదీ కూడా. అక్కడ ఏం జరుగుతుందో పిల్లలకు మీలో కొందరు చెబుతున్న మాటలు మా తరగతి గదిలోకి వస్తున్నాయి, వచ్చి నాతోనే వాదిస్తున్నాయి. అందుకే ఈ ఉత్తరం.

గత జూన్‌లో బడి తెరిచిన వారంలోనే తొమ్మిదో తరగతి కుర్రాడొకడు కొత్త బ్యాట్ తెచ్చి చూపించాడు. ఇంగ్లిష్ విల్లో, అంటే ఖరీదైన బ్యాట్‌లకు వాడే కలప. 18,000 రూపాయలట. వాళ్ల నాన్నకు బస్టాండు దగ్గర టిఫిన్ బండి ఉంది. ఎన్ని ఇడ్లీలు అమ్మితే 18,000 అవుతాయో నేను లెక్క వేయదలుచుకోలేదు. చేతిలోకి తీసుకోగానే నా మణికట్టు కిందికి వంగింది. బడి ఎదురుగా ఉన్న కిరాణా కొట్టుకు వెళ్లి, ఎలక్ట్రానిక్ కాటా మీద బెల్లం దిమ్మ తీయించి బ్యాట్ పెట్టాం. 1 కిలో 290 గ్రాములు. కుర్రాడి బరువు 41 కిలోలు.

"ఇంత బరువెందుకురా?" అన్నాను.

"బరువుంటేనే బంతి దూరం పోతుందని కోచ్ సార్ చెప్పారు సార్. తగిలేటప్పుడు హ్యాండిల్ గట్టిగా బిగించమన్నారు. ద్రవ్యరాశి పెరిగితే బలం పెరుగుతుంది కదా సార్, మీరే చెప్పారు!"

నా పాఠమే నా మీదికి తిరిగొచ్చింది. దసరా సెలవులకు ముందు వాడి కుడి మణికట్టుకు క్రేప్ బ్యాండేజీ కట్టి ఉంది. ఆ అకాడమీ పేరు, ఆ కోచ్ పేరు ఇక్కడ రాయను. ఆయన చెడ్డవారేమీ కాదు. తనకు ఎవరో చెప్పినది తాను చెప్పారు. ఆ మాట మాత్రం తప్పు. ఎందుకు తప్పో మీకు చెప్పాలి.

బంతి బ్యాట్‌ను తాకి విడిపోవడానికి పట్టే కాలం సుమారు సెకనులో వెయ్యో వంతు. మనం ఒకసారి రెప్ప వాల్చి తెరిచేలోపు అలాంటి తాకిళ్లు వందకు పైగా జరిగిపోవచ్చు. 160 గ్రాముల బంతి గంటకు 110 కిలోమీటర్ల వేగంతో వచ్చి, 140 కిలోమీటర్ల వేగంతో ఎదురు దిక్కుకు పోయిందనుకోండి. వేగంలో మొత్తం మార్పు 250 కిలోమీటర్లు. అంత మార్పు వెయ్యో వంతు సెకనులో రావాలంటే బంతి మీద సగటున 11,000 న్యూటన్ల బలం పనిచేయాలి. మన భాషలో చెప్పాలంటే ఒక టన్ను పైచిలుకు బరువు, ఒక చిన్న కారంత. ఏ బ్యాట్స్‌మన్ చేతులకూ అంత బలం లేదు. హ్యాండిల్ బిగించి పట్టుకుంటే అందులో ఎంత కలుస్తుంది? ఏమీ కలవదు.

ఏమీ కలవకపోవడానికి రెండు కారణాలు. ఒకటి అందరికీ తెలిసిందే: కంటికి కనబడింది మెదడుకు చేరి, మెదడు చేతికి ఆజ్ఞ ఇచ్చి, చేయి కదలడానికి సెకనులో ఐదో వంతో ఆరో వంతో పడుతుంది. అప్పటికి బంతి ఫీల్డర్ వైపు మీటర్ల దూరం పోయి ఉంటుంది. రెండోది కాస్త చిత్రమైనది. బంతి తగిలిన చోట బ్లేడు, అంటే బ్యాట్ వెడల్పు చెక్క, సన్నగా వంగుతుంది. ఆ వంపు, చెరువులో రాయి వేస్తే లేచిన అలలాగా, కర్ర వెంట హ్యాండిల్ దాకా పోయి అక్కడి నుంచి వెనక్కి రావాలి. తిరిగొచ్చేసరికి బంతి వెళ్లిపోయే పనిలో ఉంటుంది. అంటే హ్యాండిల్ చివర చేతులు ఉన్నాయన్న కబురు బంతికి అందనే అందదు. బేస్‌బాల్ బ్యాట్‌లతో ప్రయోగశాలల్లో ఇదే పరీక్షించి చూశారు. బ్యాట్‌ను చేతులతో పట్టుకున్నా, వదులుగా వేలాడదీసినా బంతి వెనక్కి వచ్చే వేగంలో చెప్పుకోదగ్గ తేడా లేదు.

విల్లు లాగేది చెయ్యే. బాణం వదిలాక పిడికిలి ఎంత బిగిస్తే ఏం లాభం? చేతుల పని అంతా తాకిడికి ముందే అయిపోతుంది: బ్యాట్‌ను ఎంత వేగంతో, ఏ దారిలో, ఏ కోణంలో అక్కడికి చేర్చాయన్నదే వాటి పని. పైగా పిడికిలి బిగిస్తే ముంజేయి కండరాలు బిర్రబిగుసుకుంటాయి, మణికట్టు తిరగదు, బ్యాట్ వేగం తగ్గుతుంది. లేని లాభం కోసం ఉన్న వేగం పోగొట్టుకుంటున్నాడు కుర్రాడు.

ఇక బరువు మాట. ఇక్కడ ఒక చిన్న లెక్క చేయనివ్వండి. మాస్టారి రోగం, క్షమించాలి.

బంతి బ్యాట్ నడిమిన సరిగ్గా తగిలినప్పుడు అది వెళ్లే వేగాన్ని ఉరామరిగా ఇలా కట్టవచ్చు: బ్యాట్ వేగానికి ఒకటింబావు వంతు, బంతి వచ్చిన వేగంలో పావు వంతు, రెండూ కలపండి. ఈ పావు అన్నది బ్యాట్‌ను బట్టి, బంతిని బట్టి, తగిలిన చోటును బట్టి అటూ ఇటూ అవుతుంది; లెక్క కోసం పావు అనుకుందాం. తగిలే చోట బ్యాట్ వేగం గంటకు 90 కిలోమీటర్లు, బంతి వేగం 110 అయితే, 112.5కు 27.5 కలిపి 140 వస్తుంది. అదే బ్యాట్, అదే ఊపు, ఎదురుగా స్పిన్నర్: బంతి వేగం 70. అప్పుడు 130. గమనించారా? బౌలర్ వేగం 40 కిలోమీటర్లు పడిపోతే షాట్ వేగం తగ్గింది పదే. అదే బ్యాట్ వేగం 90 నుంచి 99కి, అంటే పదో వంతు పెంచితే షాట్ వేగం 151 అవుతుంది. "ఫాస్ట్ బౌలర్ వేగాన్ని వాడుకుని సిక్సర్ కొట్టాడు" అని కామెంటరీలో రోజూ వింటాం. నేరుగా బాదిన సిక్సర్‌లో బౌలర్ వాటా కొంచెమే. అసలు కూలి బ్యాట్ వేగానిది.

(బౌలర్ వేగం నిజంగా పనికొచ్చేది బంతిని ఎదిరించనప్పుడు. లేట్ కట్‌లో, లెగ్ గ్లాన్స్‌లో బంతి బ్యాట్ ముఖాన్ని రాసుకుంటూ పోతుంది, తన వేగం చాలావరకు తనతోనే ఉంచుకుంటుంది. అక్కడ బ్యాట్ ఊపనక్కర్లేదు, దారి చూపిస్తే చాలు.)

ఇప్పుడు అదే బ్యాట్ బరువు 200 గ్రాములు పెంచుదాం. నా లెక్క ప్రకారం ఆ పావు కాస్తా 0.28 దాకా పెరుగుతుంది. బ్యాట్ వేగం 90 దగ్గరే నిలిస్తే షాట్ వేగం 146. ఆరు కిలోమీటర్ల లాభం. ఇక్కడి వరకు మీ మాట నిజమే, కాదనను. కానీ ఆ "నిలిస్తే" దగ్గరే ఉంది చిక్కంతా. బరువు పెరిగాక బ్యాట్ వేగం 90 నుంచి 85కు పడిందంటే ఆరు కిలోమీటర్ల లాభం హుళక్కి. అంతకంటే పడితే నష్టమే. 80 కిలోల మనిషి భుజాలకు 200 గ్రాములు లెక్కలోనిది కాకపోవచ్చు. 41 కిలోల పిల్లవాడి మణికట్టుకు అది రోకలి.

"ద్రవ్యరాశి పెరిగితే బలం పెరుగుతుంది కదా సార్" అన్న వాడికి నేను చెప్పిన జవాబు ఇదే. ద్రవ్యరాశి ఎంత పెంచినా త్వరణం అలాగే ఉంటుందని న్యూటన్ ఎక్కడా హామీ ఇవ్వలేదు. బ్యాట్‌ను కదిపే బలం వాడి చేతులది. అవి ఇంకా పెరుగుతున్న చేతులు.

మీలో ఎవరో ఒకరు "మరి సచిన్ ఆడలేదా?" అని అడుగుతారని తెలుసు, ప్రతి తల్లిదండ్రుల సమావేశంలోనూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. ఆడాడు. 3 పౌండ్లు, అంటే 1,360 గ్రాములు దాటిన బ్యాట్‌తో ఆడాడు. చేతులు హ్యాండిల్ మీద బాగా కిందికి పెట్టి పట్టుకునేవాడు. అతని స్ట్రెయిట్ డ్రైవ్ చూడండి, అది బాదడం కాదు, బంతికి అడ్డంగా బరువు నిలబెట్టి కొద్దిగా ముందుకు తోయడం. బ్యాట్ వేగం తక్కువగా, ఎదురొచ్చే బంతి వేగం ఎక్కువగా ఉన్నప్పుడు బరువు బ్యాట్ నిజంగానే కొంత కలిసొస్తుంది. పై లెక్కలోనే అది కూడా ఉంది. సచిన్ ఆట ఆ బరువు చుట్టూ కట్టుకున్న ఇల్లు. మీ దగ్గరికి వచ్చే పిల్లలకు ఇంకా పునాది పడలేదు. వాళ్లకు అతని బ్యాట్ ఇస్తారు గానీ అతని చేతులు ఇవ్వలేరు కదా.

మన వాళ్ల సంగతి ఒకటి గుర్తొచ్చింది. 1926లో బొంబాయి జింఖానా మైదానంలో ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఎం.సి.సి. (క్రికెట్ నియమాలు రాసే మెరిల్‌బోన్ క్రికెట్ క్లబ్) జట్టు మీద సి.కె. నాయుడు 153 పరుగులు చేశాడు. అందులో 11 సిక్సర్లు. నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబం వాళ్లది. ఆనాటి బ్యాట్‌ల అంచులు ఈనాటి వాటి పక్కన పెడితే అట్టముక్కల్లా కనిపిస్తాయి. ఆ పలచటి చెక్కతోనే బంతిని పదకొండు సార్లు గీత దాటించాడు.

బరువు గురించి ఇంకో మాట ఉంది. దుకాణంలో తూకం చెప్పే బరువు ఒకటి, చేతికి తెలిసే బరువు వేరొకటి. ఇంట్లో కొబ్బరి చీపురును పిడి దగ్గర పట్టుకుని ఊపండి, తర్వాత తిరగేసి కొసల దగ్గర పట్టుకుని ఊపండి. చీపురు అదే, తూకమూ అదే, చేతికి మాత్రం అది వేరే వస్తువు. గొడ్డలిని పిడి చివర పట్టుకోవడానికి, ఇనుము దగ్గర పట్టుకోవడానికి ఉన్న తేడా కూడా ఇదే. తిప్పడానికి ఎంత కష్టమన్నది బరువు చేతులకు ఎంత దూరంలో ఉందో దాని వర్గాన్ని బట్టి పెరుగుతుంది. చేతులకు 20 సెంటీమీటర్ల దూరంలో ఉన్న 100 గ్రాముల చెక్కను తిప్పడం కంటే 80 సెంటీమీటర్ల దూరంలో, అంటే టో (బ్లేడు కింది కొస) దగ్గర ఉన్న 100 గ్రాములను తిప్పడం నాలుగింతలు కాదు, పదహారింతలు కష్టం. మీరు "పికప్ బాగుంది, బాగాలేదు" అంటారే, అది ఇదే. కాబట్టి 1,150 గ్రాముల బ్యాట్ రెండు రకాలుగా ఉండవచ్చు. ఒకటి చేతిలో గాలిలా తిరుగుతుంది, ఇంకొకటి బావిలో చేదలా లాగుతుంది. కాటా మీద రెండూ ఒక్కటే. పిల్లలు టీవీలో లావుపాటి అంచులు చూసి బరువనుకుంటారు. నిజానికి ఆ బ్యాట్‌లలో చాలావాటి బరువు 1,150 నుంచి 1,250 గ్రాముల మధ్యే ఉంటుంది. బాగా ఆరిన, తక్కువ సాంద్రత ఉన్న విల్లోను తక్కువగా నొక్కి, అదే బరువులో ఎక్కువ లావు తెప్పిస్తారు. లావు వేరు, బరువు వేరు.

ఆ లావుకు ఉపయోగం లేకపోలేదు. బంతి బ్లేడు నడిమిన కాకుండా పక్కకు తగిలితే బ్యాట్ చేతిలో గిర్రున తిరగబోతుంది. అంచుల్లో చెక్క ఎక్కువుంటే అంత తొందరగా తిరగదు. తాడు మీద నడిచే అమ్మాయి చేతిలో పొడవాటి కర్ర ఎందుకుంటుందో ఇదీ అందుకే. అందుకే పక్కకు తగిలిన బంతులు కూడా సిక్సర్లు అవుతుంటే చూసి చూసి, 2017 అక్టోబర్ నుంచి ఎం.సి.సి. నియమం పెట్టింది: అంచు 4 సెంటీమీటర్లు, లావు 6.7 సెంటీమీటర్లు మించకూడదు. వెడల్పు 10.8 సెంటీమీటర్లన్నది చాలా పాతకాలపు హద్దు. 1771లో ఒక పెద్దమనిషి వికెట్ అంత వెడల్పు బ్యాట్‌తో ఆటకు దిగాక పెట్టుకున్నది. బ్లేడుకు చెక్క తప్ప ఇంకేదీ కూడదన్నది డెనిస్ లిల్లీ 1979లో పెర్త్‌లో అల్యూమినియం బ్యాట్ పట్టుకొచ్చాక స్పష్టంగా రాసుకున్నది. ఇన్ని కొలతలు పెట్టినా బరువుకు మాత్రం హద్దు పెట్టలేదు. అది ఆడేవాడి ఇష్టానికి వదిలేశారు. పదమూడేళ్ల పిల్లవాడి విషయంలో ఆ ఇష్టం మీ చేతుల్లో ఉంది.

బంతి విషయంలో నియమమే పిల్లల పక్షం వహించింది. పెద్దల బంతి 155.9 నుంచి 163 గ్రాములు. పదమూడేళ్ల లోపు పిల్లలకు 133 నుంచి 144 గ్రాములు. మా ఊరి నెట్స్‌లో పదేళ్ల పిల్లలు పెద్దల బంతినే ఎదుర్కొంటున్నారు. చిన్న బంతులు దొరకడం లేదని ఒక కోచ్ గారు అన్నారు. దొరకడం కష్టమే కావచ్చు. అడిగేవాళ్లు పెరిగితే దుకాణంవాడు తెప్పిస్తాడు.

సరే, బరువు కాకపోతే మరి ఏది? తగిలే చోటు. ఈ భాగం రాయడం కోసమే నేను ఇంత సేపు ఓపిక పట్టాను.

మణికట్టు తగ్గాక ఆ కుర్రాణ్ణి, ఇంకో నలుగురిని ఒక శనివారం సాయంత్రం మైదానానికి రమ్మన్నాను. ఇంటి నుంచి ముగ్గుపిండి డబ్బా తీసుకెళ్లాను. (ఇంట్లో అడిగి తీసుకెళ్లలేదు. ఆ సంగతి వేరే ఉత్తరం.) ముందు బ్యాట్ పట్టుకునే పద్ధతి: హ్యాండిల్ పై భాగాన్ని బొటనవేలు, చూపుడువేలు మధ్య వదులుగా పట్టుకుని బ్లేడును కిందికి వేలాడనివ్వాలి. ఇంకో చేత్తో పాత బంతి తీసుకుని టో నుంచి మొదలుపెట్టి పైకి, అంగుళం అంగుళం దూరంలో బ్లేడు మీద తట్టుకుంటూ రావాలి. టో దగ్గర తట్టినప్పుడు వేళ్లకు ఝుమ్మని తెలుస్తుంది. కొంచెం పైకి వచ్చేసరికి ఆ ఝుమ్ము సన్నబడుతుంది. ఒక చోట, టో నుంచి జానెడు కంటే తక్కువలో, దాదాపు 15 సెంటీమీటర్ల ఎత్తున, అది పూర్తిగా మాయమవుతుంది. దెబ్బ చప్పుడు కూడా మారుతుంది. ఇంకా పైకి పోతే ఝుమ్ము మళ్లీ మొదలు. అయిదుగురు పిల్లలూ కళ్లు మూసుకుని తట్టారు. అయిదుగురి సుద్దముక్క గీతలూ రెండు వేళ్ల వెడల్పులోనే పడ్డాయి. అప్పటి దాకా స్వీట్ స్పాట్ అంటే వాళ్లకు టీవీలో వినే ఒక మాట. ఆ సాయంత్రం అది వేలికొసకు తెలిసింది.

ఆ చోటుకు కారణం బ్యాట్ కంపనం. దెబ్బ తగలగానే బ్యాట్ వీణ తీగలా వంగి ఊగుతుంది. ఆ ఊగుడులో కొన్ని చోట్లు కదలకుండా నిలిచి ఉంటాయి. సరిగ్గా అలాంటి చోట బంతి తగిలితే ఊగుడు పుట్టదు, శక్తి బ్యాట్‌లో వృథా కాదు, బంతికి దక్కుతుంది. వేరే చోట తగిలితే బంతికి చెందాల్సిన శక్తి కొంత మీ అరచేతుల్లోకి పోతుంది. చలికాలం ఉదయం యార్కర్ (కాళ్ల దగ్గర పడే బంతి) టో మీద తగిలినప్పుడు చేతులు తిమ్మిరెక్కేది అందుకే. హ్యాండిల్ బెత్తాల మధ్య రబ్బరు పట్టీలు పెట్టేది ఆ కంపనాన్ని మింగడానికే.

తర్వాత ఒక పిల్లవాడు బ్యాట్‌ను నేలకు సమాంతరంగా పట్టుకున్నాడు. మూరెడు ఎత్తు నుంచి బంతిని బ్లేడు మీద వదిలాం. నడిమిన పడితే బాగా లేచింది. టో దగ్గర పడితే దాదాపు లేవలేదు, పిండి ముద్దలా కూర్చుంది. "చచ్చిపోయింది సార్" అన్నాడు ఒకడు. టో దగ్గర బంతికి ఎదురయ్యేది మొత్తం బ్యాట్ కాదు, టో చుట్టుపక్కల ఉన్న కొద్ది చెక్కే. మిగతా బ్యాట్ పక్కకు తప్పుకుంటుంది. ఊపేటప్పుడు టోకు వేగం ఎక్కువే, అయినా వెనక నిలబడే బరువు లేదు. హ్యాండిల్ వైపు పోతే బరువుంది, వేగం లేదు. ఈ రెండింటికీ రాజీ కుదిరేది కూడా ఆ సుద్ద గీత పరిసరాల్లోనే.

ఆఖరున ముగ్గుపిండి. బంతిని పిండిలో దొర్లించి, ఒకడు పది గజాల నుంచి చేత్తో విసురుతుంటే కుర్రాడు కొట్టాడు. ఒక్కో దెబ్బకు బ్లేడు మీద తెల్లటి ముద్ర పడుతుంది. మెల్లగా అడ్డుకుంటే శనగగింజంత చుక్క. గట్టిగా కొడితే రూపాయి బిళ్ళంత గుండ్రం. ఆ పెద్ద ముద్ర చూపించి అడిగాను: బంతి గుండ్రంగా ఉంటే ఇంత వెడల్పున ఎలా అంటుకుందిరా? అప్పుడు అర్థమైంది వాళ్లకు, ఆ వెయ్యో వంతు సెకనులో రాయిలాంటి బంతి చపాతీ ముద్దలా నొక్కుకుపోయి మళ్లీ ఉబ్బుతుందని. నొక్కుకుపోవడంలోనే దాని శక్తి చాలావరకు వేడిగా పోతుంది. నమ్మకపోతే లెదర్ బంతిని మీటరు ఎత్తు నుంచి సిమెంటు గచ్చు మీద వదలండి. 30 సెంటీమీటర్లు, కాస్త అటూ ఇటూగా లేస్తుంది, అంతే. టెన్నిస్ బంతి 50 సెంటీమీటర్లు దాటుతుంది. అది 60 గ్రాములు కూడా ఉండదు కనుక సందులో ఆడే పిల్లలకు బరువు బ్యాట్‌తో వచ్చే లాభం మరీ తక్కువ.

ఇరవై బంతులు 1,290 గ్రాముల కొత్త బ్యాట్‌తో, ఇరవై బంతులు బడి బీరువాలోని పాత కశ్మీర్ విల్లో హారో సైజు (పెద్దల బ్యాట్ కంటే కాస్త చిన్నది) బ్యాట్‌తో కొట్టించాను. పాతది 1,060 గ్రాములు, రంగు పోయి, మూలన చీలి, టేపు చుట్టి ఉంది. కొత్త దాని మీద ముద్రలు వడియాలు ఆరబోసినట్టు బ్లేడంతా చెదిరి ఉన్నాయి. సుద్ద గీత చుట్టూ గీసిన అరచేయంత వలయంలో పడినవి ఆరు. పాత దాని మీద వలయంలో పడినవి పదమూడు. ఒక పిల్లవాడితో, ఒక సాయంత్రం చేసింది. దీన్ని పరిశోధన అనను. కానీ వాడు ఆ రెండు బ్లేడులను పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. నేనేమీ చెప్పనక్కర్లేకపోయింది.

టైమింగ్ అని మీరు చెప్పేది కూడా ఇక్కడే కనబడుతుంది. గంటకు 110 కిలోమీటర్ల బంతి సెకనును 200 భాగాలు చేస్తే అందులో ఒక్క భాగంలోనే 15 సెంటీమీటర్లు కదులుతుంది. అదే వ్యవధిలో గట్టి షాట్‌లో బ్యాట్ ఏడు డిగ్రీలు తిరుగుతుంది. అంటే ఆ కాస్త తేడా వస్తే మిడ్ ఆఫ్ ఫీల్డర్ పక్కనుంచి పోవలసింది నేరుగా మిడ్ ఆఫ్ చేతుల్లోకి పోతుంది. 2001లో ఈడెన్ గార్డెన్స్‌లో వి.వి.ఎస్. లక్ష్మణ్ 281 చేసిన ఆట మీరు ఎన్నోసార్లు చూసి ఉంటారు. ఈసారి చప్పుడు తీసేసి, మణికట్టు మీదే కన్ను పెట్టి చూడండి. ఆ చేతుల్లో ఎక్కడైనా బిగింపు కనబడుతుందా?

ఫాలో త్రూ, అంటే బంతి తగిలాక కూడా బ్యాట్ ఊపు కొనసాగించడం గురించి చిన్న మాట. బ్యాట్ భుజం మీదికి వచ్చేలోపే బంతి పోయింది. ఆ తర్వాత మీరు బ్యాట్‌ను ఎటు తిప్పినా బంతికి పట్టదు. అయినా ఫాలో త్రూ నేర్పడం మానొద్దు. ఆపుదామనుకున్న చేయి తాకిడికి ముందే నెమ్మదిస్తుంది. చెప్పే కారణం తప్పయినా అలవాటు మంచిదే. "పిచ్ పడ్డాక బంతి వేగం పుంజుకుంది" అన్న మాట మాత్రం మానేయండి. గాలి, నేల కలిసి దాని వేగంలో ఆరో వంతో ఐదో వంతో తినేస్తాయి. అనుకున్నంత తినకపోతే మనకు పుంజుకున్నట్టు అనిపిస్తుంది, అంతే.

నేను మిమ్మల్ని అడుగుతున్నది పెద్దదేమీ కాదు. అకాడమీలో ఒక కాటా పెట్టండి, 1,000 రూపాయలు కూడా కాదు. పిల్లవాడు హ్యాండిల్ పై భాగాన ఉండే చేయి ఒక్కదానితో బ్యాట్‌ను ముందుకు చాపి పది లెక్కపెట్టేదాకా వణకకుండా నిలపగలడా చూడండి. పెద్ద శాస్త్రం కాదు గానీ అబద్ధం చెప్పదు. నిలపలేకపోతే ఆ బ్యాట్ వాడిది కాదు, ఎవరు ఎంత పెట్టి కొన్నా సరే. హ్యాండిల్‌కు గ్రిప్ మీద గ్రిప్ తొడిగి "ఇప్పుడు తేలికైంది చూడు" అనకండి. టో దగ్గరి చెక్క అక్కడే ఉంది. తండ్రి వచ్చి "ఏ బ్యాట్ కొనమంటారు సార్?" అని అడిగినప్పుడు ఆయన వెనక నిలబడిన పిల్లవాడి మణికట్టు వైపు ఒకసారి చూసి చెప్పండి.

నా లెక్కల్లో తప్పుంటే చెప్పండి, దిద్దుకుంటాను. ఒప్పుకోకపోతే ఇంకా మంచిది. ఏ ఆదివారమైనా ఉదయం ఏడింటికి మీ నెట్స్‌కే వస్తాను. కాటా కిరాణా కొట్టు నుంచి అడిగి తెస్తాను. మీరు మీ పిల్లల్ని, వాళ్ల బ్యాట్‌లను తీసుకురండి. ముగ్గుపిండి ఈసారి ఇంట్లో అడిగే తెస్తాను.

ఇట్లు,
ఒక ఫిజికల్ సైన్స్ ఉపాధ్యాయుడు